120 మొక్కలున్నా గూగుల్‌కు కనిపించేది ఒక్క పేజీయే

ప్రశ్న: నమస్కారమండి. మాది తూర్పు గోదావరి జిల్లా కడియం మండలం. నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా నర్సరీ నడుపుతున్నారు. రెండేళ్లుగా నేను కూడా చూసుకుంటున్నాను. పోయిన ఏడాది 40 వేలు పెట్టి వెబ్‌సైట్ చేయించాను, 120 రకాల మొక్కల ఫొటోలు పెట్టించాను. రోజుకు పది మంది కూడా రావడం లేదు, ఆ పది మందిలో సగం మేమే. గూగుల్‌లో మామిడి మొక్క అని కొడితే ఎక్కడా కనిపించం. ఒక ఏజెన్సీ వాళ్లు నెలకు 15 వేలు ఇస్తే మూడు నెలల్లో మొదటి పేజీలోకి తెస్తామని గ్యారంటీ ఇస్తున్నారు. 500 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మా సైట్‌కు లింకులు, పెడతారట, రోజుకో ఆర్టికల్ ఏఐతో రాసి వేస్తారట. ఇంకొకాయన ట్రాఫిక్‌ను, అంటే సైట్‌కు వచ్చేవాళ్లను, డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు అంటున్నాడు. నాన్నగారేమో "మొక్కను కళ్లతో చూసి కొంటారు గానీ ఫోన్‌లో ఎవరు కొంటార్రా" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ ఏజెన్సీకి ఇంకా డబ్బు కట్టకపోతే కట్టకండి. గూగుల్‌లో ఫలానా స్థానం గ్యారంటీ అని ఎవరూ ఇవ్వలేరు. ఈ మాట నాది కాదండి. మొదటి స్థానం గ్యారంటీ ఇచ్చేవాళ్లను నమ్మవద్దని గూగులే సైట్ యజమానుల కోసం రాసిన సూచనల్లో చెప్పింది.

మీరు లింక్ పంపారు కాబట్టి మీ సైట్ ఒక సాయంత్రమంతా కూర్చుని చూశాను. ముందు ఒక చిన్న పరీక్ష చేశాను, మీరూ చేసి చూడండి. గూగుల్‌లో ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. మీ సైట్‌లో గూగుల్‌కు తెలిసిన పేజీలు వరసగా వస్తాయి. నాకు వచ్చింది ఒక్కటే, మీ హోమ్ పేజీ. దాని పేరు కూడా ఉత్త "హోమ్" అనే ఉంది.

120 మొక్కలు ఏమయ్యాయని చూస్తే కారణం దొరికింది. మీ సైట్‌లో ఏ మొక్క ఫొటో నొక్కినా అదే పేజీ మీద చిన్న పెట్టెలా తెరుచుకుంటోంది. పైన అడ్రస్ బార్ చూడండి, మామిడి నొక్కినా మందారం నొక్కినా అడ్రస్ మారడం లేదు. చూసేవాళ్లకు అవి 120 మొక్కలు. గూగుల్‌కు మాత్రం అంతా కలిపి ఒకే పేజీ, అందులో దేని గురించీ సరైన సమాచారం లేదు. గూగుల్ చూపించేది పేజీలను. సొంత అడ్రస్ లేని మొక్కను అది ఎక్కడికని పంపిస్తుంది? మామిడి మొక్క కోసం వెతికేవాళ్లకు చూపించడానికి మీ దగ్గర మామిడి పేజీయే లేదు. 500 కాదు, 5,000 లింకులు పెట్టినా ఈ లోటు తీరదు.

కాబట్టి మొదటి ఖర్చు దీని మీద పెట్టండి. సైట్ చేసినవాళ్లను పిలిచి ప్రతి మొక్కకూ సొంత పేజీ, సొంత అడ్రస్ ఇమ్మని అడగండి. సైట్‌మ్యాప్ కూడా పెట్టించండి. అది మీ పేజీల జాబితా ఉండే ఫైల్, గూగుల్ దాన్ని చదువుకుంటుంది. ప్రతి పేజీకీ ఒక టైటిల్ ఉండాలి. "హోమ్", "ప్రొడక్ట్ 14" లాంటివి కాకుండా "బంగినపల్లి మామిడి అంటు మొక్కలు, కడియం" అన్నట్టుండాలి. వెతికినప్పుడు నీలం రంగులో పెద్దగా కనిపించేది చాలావరకు ఆ టైటిలే.

ఇంకో మూడు లోపాలు కనిపించాయి.

"మా గురించి" పేజీ నా ఫోన్‌లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు కలగలిసి వచ్చాయి. మీ నాన్నగారి కథను డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైప్ చేయించి, అలాగే తెచ్చి అతికించినట్టున్నారు. కరపత్రానికి, ఫ్లెక్సీకి ఆ టైపింగ్ చక్కగా పనికొస్తుంది. వెబ్‌సైట్‌కు యూనికోడ్ తెలుగు కావాలి, అంటే మనం ఫోన్‌లో వాట్సాప్‌కు కొట్టే తెలుగు. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉంది కాబట్టి మీకు బాగానే కనిపిస్తోంది. సైట్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగుగా వస్తే సరే. రాకపోతే జనానికే కాదు, గూగుల్‌కు కూడా అది తెలుగని తెలియదు. ధరల పట్టికనూ ఫొటో తీసి పెట్టారు. దాన్ని కూడా అక్షరాల్లో కొట్టించండి.

రెండోది ఫొటోల బరువు. ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించారు. ఒక్కొక్కటి 4 ఎంబీ పైనే ఉంది. 120 ఫొటోలు ఒకే పేజీలో అంటే 480 ఎంబీ. ఊరి చివర సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న మనిషి మీ పేజీ తెరిచి ఎంతసేపని చూస్తాడు? ఫొటోలను 200 కేబీ లోపుకు తగ్గించండి, అందుకు ఉచిత టూల్స్ ఉన్నాయి. పేజీలో ముఖ్యమైన బొమ్మో రాతో రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ పెట్టుకున్న లెక్క. పైగా అది ఇప్పుడు సైట్లను చదివేది మొబైల్ రూపంలోనే. ఆఫీసు కంప్యూటర్‌లో బాగుందని మురిసిపోకుండా మామూలు ఫోన్‌లో, వైఫై ఆపేసి చూడండి.

మూడోది మీకు తెలిసి ఉండదు. హోమ్ పేజీ అడుగున ఖాళీగా కనిపించే చోట వేలు పెట్టి లాగితే తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. "కడియం బెస్ట్ నర్సరీ" అన్న మాటే నలభై సార్లు ఉంది. ఇలా రాతను దాచిపెట్టడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఈ రోజే తీయించేయండి.

ఇక అసలు సంగతికి వస్తాను. పేజీలు వచ్చాక వాటిలో ఏం రాయాలి?

ఇప్పుడు మీ మామిడి దగ్గర ఉన్నది ఇది: "మామిడి మొక్క. మంచి క్వాలిటీ. తక్కువ ధర. ఇప్పుడే ఆర్డర్ చేయండి." ఈ నాలుగు ముక్కలు దేశంలో ఏ నర్సరీ అయినా రాయగలదు. గూగుల్ అన్నిటినీ వదిలి మీదే ఎందుకు చూపించాలి?

మీ నాన్నగారికి వచ్చే ఫోన్లు ఒక వారం పాటు పక్కన కూర్చుని వినండి. నర్సరీ వాట్సాప్‌లో ఆర్నెల్ల మెసేజ్‌లు వెనక్కి తిప్పి చూడండి. "అంటు పెట్టి రెండేళ్లయిందండి, పూత వచ్చింది, ఉంచమంటారా తీసేయమంటారా?" "కింద నుంచి వేరే చిగుళ్లు వస్తున్నాయి, పర్లేదా?" "లారీలో వచ్చేసరికి ఆకులు రాలిపోయాయి, మొక్క బతుకుతుందా?" జనం గూగుల్‌లో కొట్టేది కూడా అచ్చం ఈ ప్రశ్నలే. వీటికి జవాబులు మీ నాన్నగారి నోట్లో ఉన్నాయి, మీ సైట్‌లో లేవు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉందండి.

అదే మామిడి పేజీ ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి:

"బంగినపల్లి మామిడి అంటు. తెలంగాణ వైపు బేనిషాన్ అంటారు, ఢిల్లీ వైపు సఫేదా అంటారు. మొక్క కవర్‌తో సహా రెండున్నర అడుగులు ఉంటుంది. ఇంటికి చేరాక వెంటనే నాటకుండా రెండు మూడు రోజులు నీడలో ఉంచి నీళ్లు పెట్టండి. నాటేటప్పుడు కవర్ పూర్తిగా తీసేయండి, వేళ్ల చుట్టూ మట్టి ముద్ద విరగకుండా చూడండి. అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి, మట్టిలో కూరుకుపోకూడదు. ఆ కట్టు కింద నుంచి వచ్చే చిగుళ్లు బంగినపల్లివి కావు, టెంక మొక్కవి. కనిపించినప్పుడల్లా తుంచేయండి. మొదటి రెండు మూడేళ్లు పూత వచ్చినా తీసేస్తే చెట్టు బలంగా పెరుగుతుంది."

ఇది మీ నాన్నగారు చెప్పి ఉంటే ఇంకా బాగుండేది, నాకు తెలిసినంత రాశాను. దీని పక్కన మీ తోటలోనే తీసిన రెండు ఫొటోలు పెట్టండి. ఒకటి అంటు కట్టిన చోటును దగ్గరగా తీసింది, రెండోది మొక్క పక్కన మనిషి నిలబడి ఉన్నది. ఎత్తు ఎంతో జనానికి తెలియాలి. నెట్‌లోంచి తీసుకున్న ఫొటోలు చాలా ఉన్నాయి మీ సైట్‌లో. అవి వేరేవాళ్లవి, తీసేయండి.

పేర్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. కడియం మొక్కలు ఉత్తరాది రాష్ట్రాలకు కూడా లారీల్లో వెళ్తాయి. చెట్టు ఒకటే అయినా ఊరికో పేరు ఉంటుంది. మీరు ట్యాగ్ మీద పోథోస్ అని రాశారు, ఇంట్లో పెంచుకునేవాళ్లు వెతికేది మనీ ప్లాంట్ అని. మీరు ఇక్సోరా అన్నది మా అమ్మకు నూరువరహాలు. నందివర్ధనం అంటే మనకు తెలుసు గానీ ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్లు దాన్ని ఇంగ్లిష్ పేరుతోనే అడుగుతారు. ఈ పేర్లన్నీ పేజీలో సహజంగా, వాక్యాల్లో కలిసిపోయేలా ఒక్కసారి వస్తే చాలు. ముప్పై సార్లు రుద్దనక్కర్లేదు. మీ సైట్ కోడ్‌లో కీవర్డ్స్ అనే ట్యాగ్‌లో కూడా చాలా మాటలు నింపి ఉన్నాయి. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు అసలు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

తెలుగా, ఇంగ్లిషా అని మీకు సందేహం రావచ్చు. రెండూ పెట్టండి, కానీ వేర్వేరు పేజీలుగా పెట్టండి. మిద్దె తోట పెంచేవాళ్లు తెలుగులో వెతుకుతారు, చాలామంది టైప్ చేయకుండా ఫోన్‌తో మాట్లాడి అడుగుతారు. అపార్ట్‌మెంట్ వాళ్లు, రిసార్ట్ వాళ్లు ఇంగ్లిష్‌లో వెతుకుతారు. ఇంగ్లిష్ పేజీని మెషిన్‌తో అనువదించి చూడకుండా వేయవద్దు. అంటు అన్న మాటను అది దేనికి అంటగడుతుందో చెప్పలేం. ఇంకో చిన్న జాగ్రత్త, పేజీ అడ్రస్‌ను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. తెలుగు అక్షరాలతో పెడితే గూగుల్‌కు ఇబ్బంది లేదు గానీ, కాపీ చేసి పంపినప్పుడు అవి శాతం గుర్తులు, అంకెలుగా మారిపోతుంటాయి. "మొక్కలు" అన్న చిన్న మాట 63 గుర్తుల పొడవవుతుంది. వాట్సాప్‌లో అది చూసినవాళ్లు మోసం లింకేమో అనుకుని నొక్కరు.

ఇప్పుడు ఆ 500 బ్యాక్‌లింకుల గురించి. వేరే సైట్ మీ సైట్‌కు లింక్ ఇస్తే దాన్ని గూగుల్ ఒక సిఫార్సులా చూస్తుంది. 1998లో గూగుల్ మొదలైంది ఈ ఆలోచనతోనే. అందుకే లింకులు అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు, అందుకే 2012లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ వాళ్ల పని పట్టింది. అంతకు ముందు ఏడాది అమెరికాలో జేసీపెన్నీ అనే పెద్ద స్టోర్ల సంస్థ సంగతి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సంబంధం లేని వేల పేజీల్లో ఆ సంస్థ సైట్‌కు లింకులు పెట్టి ఉన్నాయి. గూగుల్ చర్య తీసుకోగానే మొదటి స్థానంలో ఉన్న మాటలకు అది ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ లింకులు తాము పెట్టించలేదని సంస్థ చెప్పింది, సైట్‌ను గూగుల్‌లో పైకి తెచ్చే పని (ఎస్ఈఓ) చూసే కంపెనీని తీసేసింది కూడా. అయినా పడిపోయింది దాని సైటే. ఏజెన్సీ చేసిన పనికి దెబ్బ తగిలేది మీ పేరుకు.

అంత దూరం ఎందుకు, మా ఇంట్లోనే జరిగింది. కొన్నేళ్ల క్రితం మా పిన్ని పచ్చళ్ల సైట్‌ను ఇలాగే ఒక ఏజెన్సీకి అప్పగించాం. రెండు నెలలు ఆర్డర్లు పెరిగాయి. మూడో నెలలో ఆవకాయ అని కొట్టినా, గోంగూర అని కొట్టినా మా సైట్ కనిపించలేదు. గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో మా సైట్‌కు వచ్చిన లింకుల జాబితా తెరిస్తే అంతా విదేశీ జూదం సైట్లు. మా పిన్ని ఆ పేర్లు చూసి, "మన పచ్చళ్ల గురించి వీళ్లకెందుకు?" అని అడిగిన మాట నాకింకా గుర్తుంది. వాటిని వదిలించుకుని మళ్లీ కాస్త కనిపించడానికి పది నెలలు పట్టింది. ఆవిడ ఆ ఏడాది సంక్రాంతి ఆర్డర్లు పోగొట్టుకుంది. మీ నర్సరీకి ఆ గతి పట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రోజుకో ఏఐ ఆర్టికల్ కూడా వద్దు. ఏఐతో రాసినంత మాత్రాన గూగుల్ శిక్షించదు. ఎవరికీ ఉపయోగపడని పేజీలను ర్యాంకుల కోసం కుప్పలు కుప్పలుగా వేయడాన్ని 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది, అవి మనిషి రాసినా మెషిన్ రాసినా సరే. మీ నాన్నగారు చెప్పింది రికార్డు చేసి, దాన్ని అక్షరాల్లో పెట్టడానికి ఏఐ సాయం తీసుకోండి, తప్పులేదు. వేసే ముందు ఆయనకు చదివి వినిపించండి. ఇక కొనే ట్రాఫిక్‌లో చాలావరకు మనుషులు ఉండరు, బాట్లు, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములు, వస్తాయి. లెక్క పెరుగుతుంది, ఒక్క మొక్క అమ్ముడుపోదు.

నిజమైన లింకులు మీకు దగ్గర్లోనే ఉన్నాయి. జనవరిలో కడియంలో మొక్కలతో రూపాలు పేర్చినప్పుడు పత్రికలవాళ్లు, యూట్యూబ్ వాళ్లు వస్తారు కదా, వాళ్లను వీడియో కింద మీ లింక్ పెట్టమని అడగండి. మీ మొక్కలతో తోట వేసిన స్కూలు, గుడి, అపార్ట్‌మెంట్ సంఘం ఎవరికైనా సైట్ ఉంటే అడగండి. ఇలాంటివి పది వచ్చినా ఆ 500 కంటే నయం.

గూగుల్ మ్యాప్స్‌లో మీ నర్సరీ ఉంది గానీ పిన్ హైవే మీద ఎక్కడో ఉంది, మీ గేటేమో లోపల కాలువ గట్టు మీద ఉంది. లారీ డ్రైవర్ ఆ పిన్ నమ్ముకుని వస్తే పక్క నర్సరీలో దిగుతాడు. అన్ని నర్సరీలున్న ఊళ్లో ఆ తేడా చాలు, బేరం పోవడానికి. పిన్ సరిచేసి, టైమింగ్స్, ఫోన్ నంబర్, తాజా ఫొటోలు పెట్టండి. కొన్నవాళ్లను రివ్యూ రాయమని అడగండి, డబ్బిచ్చి రాయించకండి.

సెర్చ్ కన్సోల్ అన్నాను కదా, అది గూగుల్ ఉచితంగా ఇచ్చేదే. మీ సొంత జీమెయిల్‌తో తెరవండి. ఏయే మాటలకు మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ చూపిస్తుంది. చాలాసార్లు కనిపించి ఎవరూ నొక్కకపోతే టైటిల్ మార్చి చూడండి. పది, పన్నెండో స్థానంలో నిలిచిపోయిన పేజీ ఉంటే ముందు దాన్ని బాగు చేయండి, కొత్తది రాయడం కంటే అదే త్వరగా ఫలితం ఇస్తుంది. అలాగే డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్, ఎవరి పేరు మీద ఉందో ఈ వారంలోనే కనుక్కోండి. చేసినవాళ్ల పేరు మీద ఉంటే మీ పేరుకు మార్పించుకోండి. రేపు వాళ్లతో మాట తేడా వస్తే సైట్ అడ్రస్ వాళ్ల చేతిలో ఉండిపోతుంది.

ఎన్నాళ్లు పడుతుందంటే, మార్పులు చేసి వాటి ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది అని గూగుల్ వాళ్లే చెప్పారు. జనం మామిడి మొక్కలు నాటేది తొలకరికి. ఆ పేజీలు మాఘ ఫాల్గుణాల్లోనే సైట్‌లో ఉంటే వానలు పడే వేళకు గూగుల్ వాటిని చూసి ఉంటుంది. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ఇప్పుడు మామూలు ప్రశ్నలకు గూగుల్ ఏఐతో తనే పైన జవాబు ఇచ్చేస్తోంది, అలాంటివాళ్లు మీ సైట్ దాకా రాకపోవచ్చు. అందుకే ప్రతి పేజీలోనూ మీ దగ్గర మాత్రమే తెలిసేవి ఉండాలి: ఇప్పుడు స్టాక్ ఉందా, ఏ సైజు, ఎంత ధర, నాగ్‌పూర్‌కు లారీ ఎప్పుడు వెళ్తుంది, తక్కువలో తక్కువ ఎన్ని మొక్కలు తీసుకోవాలి.

మీ నాన్నగారు అన్న మాటలో నిజం ఉంది. 200 మొక్కలు కొనేవాడు ఫోన్‌లో బటన్ నొక్కి డబ్బు కట్టడు. కానీ ఎక్కడికి వెళ్లి చూడాలో ఇప్పుడు ఫోన్‌లోనే తేల్చుకుంటాడు. అందుకని మీ సైట్‌లో "కార్ట్" కంటే ఫోన్ నంబర్ ముఖ్యం. ప్రతి పేజీలో పైనే, నొక్కితే కాల్ వెళ్లేలా పెట్టండి. ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ "మా గురించి ఎలా తెలిసిందండి?" అని అడిగి పక్కన ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం నాన్నగారికి చూపించవచ్చు.

ఏజెన్సీకి అనుకున్న మూడు నెలల 45 వేలలో కొంత సైట్ చేసినవాళ్లకు, కొంత మీ ఊళ్లో తెలుగు టైపింగ్ వచ్చిన డిగ్రీ పిల్లలెవరికైనా ఇవ్వండి. 120 మొక్కలకూ ఒకేసారి రాయనక్కర్లేదు. ఎక్కువగా అమ్ముడుపోయేవి పది తీసుకుని వారానికి రెండు చొప్పున రాయండి. బంగినపల్లితో మొదలుపెట్టండి. ఆ పేజీ పెట్టాక లింక్ పంపండి, చదివి ఏమైనా మార్చాలంటే చెబుతాను.